మా మరిది తగ్గించిన మంట

జగ్గయ్యపేట ఆడపడుచుకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మైలవరం అక్కయ్యకి షుగరు అదుపులో ఉందా? నందిగామలో పిల్లల దగ్గు ఎలా ఉంది? వానలో తడవనివ్వకండి. ఈ పుస్తకం చదువుతున్న మిగతావాళ్ళు కూడా మందులు మరిచిపోకుండా వేసుకోండి. మా మరిది వేసుకునేవాడు. అయినా పోయిన నెల ఒక పొద్దున, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగిపోయింది. నందిగామ నుంచి ఫోను వచ్చేసరికి నేను పప్పు కడుగుతున్నాను. నాకంటే ఎంతో చిన్నవాడు. ముందు నేను కదా పోవాలి.

నేను కాపురానికి వచ్చేటప్పటికి అతను బడిపిల్లవాడు. పెద్ద చదువు చదివి, సముద్రం ఒడ్డున ముడి చమురు శుద్ధి చేసే రిఫైనరీలో ఇంజనీరయ్యాడు. నిప్పు దగ్గర పని. ఇక నాకు బెంగ మొదలు.

ఒకసారి అక్కడికి వెళ్ళాం. సాయంత్రం వాళ్ళ డాబా ఎక్కితే, దూరాన పొడుగాటి గొట్టం కొసన ఇంత మంట!

“ఏవయ్యా, ఊరు అంటుకోదూ?”

“అంటుకోదులే వదినా. మిగిలిపోయిన గ్యాసు అది. ఊరికే వదిలితే ప్రమాదం, అందుకని అక్కడ తగలబెడతారు.”

“అంత మంటా! మన ఊళ్ళో ఎన్ని ఇళ్ళు వండుకోవచ్చు!”

నవ్వుతున్నవాడు ఆగిపోయాడు. “నా బాధా అదే. వంట లేదు, పొగ మాత్రం ఉంది.”

అతని ఉద్యోగమంతా ఆ మంటతోనే గడిచింది. ఆ గ్యాసును వెనక్కి పట్టి కొలిమిలో వాడుకోవాలి, ఇంధనం తగ్గాలి, పొగ తగ్గాలి. నాకు అర్థం కాదంటే మా పాత వంటిల్లు గుర్తుచేసేవాడు. అన్నం పొయ్యికి ఆనుకుని, దాని వేడే వచ్చే చిన్న పొయ్యి మీద నేను స్నానాలకు నీళ్ళు కాచేదాన్ని. “మా పనీ అదే వదినా. బయటికెళ్ళే వేడి నూనె పక్కనించి లోపలికొచ్చే చల్ల నూనెను పోనిస్తాం. పోయే వేడిని ఊరికే పోనివ్వకూడదు.” మా ఇంటికొస్తే ముందు స్టవ్వు చూసేవాడు. మంట పసుపుగా ఉంటే బర్నరు విప్పి కడిగి, నీలంగా వచ్చేదాకా కాఫీ ముట్టేవాడు కాదు.

ఒకరోజు ఫోను చేశాడు. “వదినా! మంట చిన్నదైపోయింది!”

మంట తగ్గితే పొయ్యి ఆరినట్టే కదా, కంపెనీ మూసేస్తున్నారు కాబోలు, పిల్లల చదువులు ఏమవుతాయి అనుకున్నాను. ఆ మంట మళ్ళీ ఎప్పట్లా పెద్దదైతే కొబ్బరికాయ కొడతానని పరిటాల హనుమంతుడికి మొక్కుకున్నాను.

సంగతి తెలిసి మరిది నెత్తి కొట్టుకున్నాడు. “ఎన్నేళ్ళు తంటాలు పడితే తగ్గింది తల్లీ! నువ్వు స్వామితో చెప్పి పెంచుతున్నావా?”

“ఇప్పుడెలాగయ్యా? మొక్కు వెనక్కి తీసుకోవచ్చా?”

“బస్సెక్కు. పొరపాటైందని నువ్వే చెప్పుకో.”

వెళ్ళాను. ఆకాశమంత ఎత్తు విగ్రహం ఆ స్వామిది, నా మాట ఆయన చెవిదాకా పోయిందో లేదోనని మళ్ళీ మళ్ళీ చెప్పాను. మంట పెరగకుండా చూడమని కొబ్బరికాయ కొట్టాను. తరవాత ఎప్పుడు మాట్లాడినా మంట సంగతే అడిగేదాన్ని. “నీ స్వామి దయ, చిన్నగానే ఉంది” అనేవాడు.

వచ్చి ఆ చిన్న మంట చూడమని ఎన్నిసార్లు పిలిచాడో. రైలంటే భయం, మెట్లంటే భయం, వెళ్ళనే లేదు. రిటైరై నందిగామ వచ్చేశాక కూడా “నేనే తీసుకెళ్తా వదినా” అంటూనే ఉన్నాడు.

అతను పోయాక తల దగ్గర పెట్టిన దీపాన్ని నేనే చూసుకున్నాను. ఆరిపోతుందేమోనని వత్తి ఎగదోస్తుంటే గోడకి పొగచూరింది. అప్పుడు అతని మాట గుర్తొచ్చింది. అంతలా తగ్గిస్తే ఆ మంట పూర్తిగా ఆరిపోదా అని ఒకసారి అడిగితే, “ఆరదు, ఆరకూడదు వదినా. అవసరానికని చిన్న దీపమంత ఎప్పుడూ ఉంచుతాం” అన్నాడు. వత్తి తగ్గించాను. పదో రోజుదాకా నిలకడగా వెలిగింది.

“అక్కా, ఆయన చూపిస్తానన్నది మనమే వెళ్ళి చూద్దాం. ఆయనతో పనిచేసినవాళ్ళు డాబా ఎక్కిస్తామన్నారు” అంది మా తోటికోడలు.

“నా కళ్ళకి కనపడుతుందంటావా?”

“కనపడకపోతే ఆయన ఇంకా సంతోషిస్తారక్కా” అంది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

కార్తీక పౌర్ణమి వెళ్ళిన మర్నాడు బయల్దేరుతున్నాం.