కొంగుముడిలో తలనొప్పి

మొన్న మా చెల్లెల్ని బ్రాడీపేటలో ఒక కొత్త ఆసుపత్రికి తీసుకెళితే, డాక్టరు కంటే ముందు కంప్యూటరు పలకరించింది. తలనొప్పి రోగులకు ఆ కంప్యూటరే పాఠాలు చెబుతుందట. మిరపకాయల తొడిమలు తీసే పనిలో ఇంకోసారి తల పట్టుకుని కూర్చుంటే ఇక రావద్దని మేస్త్రీ చెప్పేశాడని మా చెల్లెలు బెంగపడుతుంటే, ఆ వయ్యారి గొంతు చీజు తింటారా, చాక్లెట్లు తింటారా అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. రోజూ మందులు వాడుతున్నారా అన్నదానికి మా చెల్లెలు "లేదు" మీద వేలు పెట్టింది. అది సంతోషించి, నిద్ర గురించి నాలుగు ముక్కలు చెప్పి, చప్పట్లు కూడా కొట్టింది. దాని తెలివి తెల్లారినట్టే ఉంది.

నేను సత్తెనపల్లి దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో, తలనొప్పని వచ్చిన ఆడవాళ్లను మా డాక్టరమ్మగారు నాడి పట్టకముందే కొంగుముడి విప్పమనేవారు. అంత చదివిన మనిషికి ఇదేం చాదస్తమని వెనక నవ్వుకునేదాన్ని. ముడిలోంచి వక్కలతో పాటు కిళ్లీకొట్టు మాత్రలు రాలేవి. నా ఈడు వాళ్లకు తెలుసు, మందంటే డాక్టరు రాసిందే. కొట్లో కొనుక్కుని టీతో మింగేది మన లెక్కలో మందే కాదు. రోజూ మింగితే ఆ మాత్రే మళ్లీ తలనొప్పి తెస్తుందని ఆవిడ వాటిని బల్ల మీద పరిచి, విసుక్కుంటూనే, అర్థమయ్యేదాకా చెప్పేవారు.

అది గుర్తొచ్చి చెల్లెలి కొంగు పట్టుకుని, "ముడి విప్పవే" అన్నాను.

"ఇయ్యి మందులేంటక్కా, పన్లోకెళ్లే ముందు రోజూ రెండేసుకుంటా, అంతే" అంటూ మాత్రల అట్ట నా చేతిలో పెట్టింది. మూడేళ్లుగా అదే వరసట.

డాక్టరు చేతిలో కంప్యూటరు ఇచ్చిన కాగితముంది, మందులేమీ వాడటం లేదని. నేను అట్ట చూపించాక ఆయన ఆ కాగితం పక్కన పెట్టి, ఆ మాత్రలు ఎలా మానాలో రాసిచ్చారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆ యంత్రాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాక గానీ నా నోరు మూతపడలేదు. చెల్లెలు వితంతువై నా దగ్గరికి వచ్చిన నాటి నుంచీ, మూడేళ్లుగా, మా ఇద్దరికీ ఆ పొయ్యి మీదే వంట. ఊరి ఆడవాళ్లందరి కొంగుముళ్లూ విప్పించిన నర్సును నేను. చెల్లెలు రోజూ తల నొక్కుకుంటుంటే చూస్తూనే ఉన్నాను. ఆ కంప్యూటరు తెలివితక్కువదే, ఒప్పుకుంటాను. కానీ అదైనా అడిగింది. నేను ఆపాటి కూడా అడగలేదు.