పాయింటు సున్నా ఒకటి బ్రహ్మం

మా మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే బ్రహ్మానికి ఒకటే జబ్బు. దేన్నైనా చిటికెడు పెంచి, చాలాసేపు చూసి, మళ్లీ చిటికెడు పెంచుతాడు. ఫ్యాను రెగ్యులేటరు ఒకటి నుంచి రెండుకు తిప్పాలన్నా పది నిమిషాలు ఆలోచిస్తాడు. ఈలోగా కరెంటు పోతుంది.

పప్పులో ఉప్పు తక్కువైతే నాలుగు రవ్వలు వేసి, కలిపి, కాసేపాగి రుచి చూస్తాడు. మళ్లీ నాలుగు. "ఉప్పు సరిపోయేసరికి అన్నం అటుకులైపోయింది శ్రీహరన్నా!" అని ఆయన భార్య నాగజ్యోతి నా దగ్గర మొరపెట్టుకుంది.

ఇలాంటి మనిషి దగ్గరికి, ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే జోరుగా పరుగెత్తించమని జనం వస్తారు. వేగం పెంచితే దానికిచ్చే వోల్టేజీ కూడా కాస్త పెంచాలి. బ్రహ్మం పెంచేది పాయింటు సున్నా ఒకటి. పెంచి, గంటసేపు టెస్టు. మిషను ఆగిపోతే ఇంకో పాయింటు సున్నా ఒకటి, ఇంకో గంట. పెళ్లి వీడియోలు కలిపే నా కంప్యూటర్ అక్కడ చేరి తొమ్మిది రోజులైంది. ఎప్పుడడిగినా "టెస్టులో ఉండాది" అంటాడు. నా వీడియో కోసం చూస్తున్న జంట ఈలోపు రెండుసార్లు అలిగి కలిసిపోయారు కూడా.

మొన్న మే నెలలో, ఒక గురువారం పొద్దున తర్లుపాడు నుంచి దీవెన ఆటోలో సీపీయూ ఒళ్లో పెట్టుకుని వచ్చింది. వాళ్ల నాయన ఏబేలు పలకల ఫ్యాక్టరీలో కూలీ. ఆ పిల్ల యానిమేషన్ నేర్చుకుంది. నిమిషంసేపు కదిలే బొమ్మ చేసి శుక్రవారం సాయంత్రం ఐదులోపు పంపితే ఉద్యోగం సంగతి చూస్తామని హైదరాబాదులో ఒక స్టూడియో వాళ్లన్నారట. ఆమె పాత కంప్యూటరేమో తను గీసిందంతా వీడియోగా తయారవడానికి రెండు రోజులు పడుతుందని చూపిస్తోంది.

"అన్నా, వోల్టేజీ ఒకటిన్నర పెట్టు. నెట్లో ఒకాయన పెట్టినాడు."

"ఆయన ఊర్లో మంచు పడతాదేమో. ఇది మార్కాపురం. వద్దు."

"పోనీ ఒకటీ నలభై ఐదు?"

"ఒకటీ ఇరవై ఆరు."

"అన్నా!"

"ఇరవై ఏడు. అదీ టెస్టు చేసినాకనే. ఈడ పెట్టి ఇంటికి పో."

దీవెన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా కంప్యూటర్ సంగతి అడగడానికి వచ్చి అక్కడే ఉన్న నాకు ఒళ్లు మండింది. "ఏమయ్యా, పిల్ల బతుకు దీని మీద ఉంది గదా!" అన్నాను. "కాలితే?" అన్నాడు బ్రహ్మం, అంతే.

శుక్రవారం మూడింటికి దీవెన తండ్రిని వెంటబెట్టుకొచ్చింది. పోట్లాటకు నేనూ వెళ్లాను.

"ఏమైందన్నా?"

"టెస్టులో ఉండాది."

"ఇంకా రెండు గంటలే టైము!"

బ్రహ్మం బల్ల మీది నాలుగు కంప్యూటర్ల తెరలూ మా వైపు తిప్పాడు. నాలుగింటిలోనూ దీవెన గీసిన మేకపిల్ల గంతులేస్తోంది. ఒకటి ఆమె కంప్యూటర్, రెండు దుకాణంవి. నాలుగోది నాది!

"వోల్టేజీ పెంచినంత మాత్రాన రెండు రోజుల పని ఒక రోజులో అవుతాదా పాపా? బొమ్మను నాలుగు ముక్కలు చేసి నాలుగు మిషన్లకూ పంచినా. ఇంకో పది నిమిషాల్లో అయిపోతాది."

"నా కంప్యూటరెందుకు వాడినావు?" అన్నాను.

"ఖాళీగానే ఉండాది గదా."

దీవెనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ముందే చెప్పొచ్చు గదన్నా! నిద్రలేకుండా ఏడ్చినా."

"అవుతాదో లేదో చూడకుండా ఎట్ల చెప్పేది?" అని, ఏబేలు వైపు తిరిగాడు. "ఒకటిన్నర పెట్టింటే ఈ ప్రాసెసరు ఎన్నాళ్లుంటాదో చెప్పలేం మామా. ఇది పోతే పిల్ల ఇంకో ఉద్యోగానికి బొమ్మ దేంట్లో చేస్తాది?"

ఏబేలు భుజం మీద తువ్వాలు తీసి ఆ పాత సీపీయూ మీది దుమ్మంతా తుడిచాడు.

ముక్కలు అతికించి, బ్రహ్మం మూడుసార్లు సరిచూసుకున్నాక నాలుగున్నరకు బొమ్మ వెళ్లిపోయింది. దీవెన వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ఉద్యోగం వస్తాదంటావా అన్నా?"

"వస్తాది" అన్నాడు బ్రహ్మం వెంటనే.

నేను అదిరిపడ్డాను. టెస్టు చేయకుండా ఆయన ఒక మాటనడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.