దీర్ఘాలక్క పాత కంప్యూటరు

ప్రెస్సులో ఆమెను అందరూ దీర్ఘాలక్క అంటారు. ప్రూఫులో ఎక్కడ దీర్ఘం ఎగిరిపోయినా ఇట్టే పట్టేస్తుంది, అందుకని. కోపమొస్తే మాటల్లో దీర్ఘాలు తీస్తుంది, అందుక్కూడా. యాభై ఏడేళ్ల మనిషి. వెనకగదిలో అక్షరాలు కూర్చుతూ పందొమ్మిదేళ్లు గడిపింది. అందులో పదమూడేళ్లు ఒకే కంప్యూటరుతో. దాని పవరు బటను లోపలికి కుంగిపోయింది, పెన్సిలుతో పొడిస్తేగానీ కంప్యూటరు లేవదు. అయినా దాన్నెవరైనా డొక్కు అన్నారో, ఇక వాళ్ల పని అయిపోయినట్టే.

ఆ డొక్కులోనే ఒక నిఘంటువు ఉంది. ఎనిమిది వందల పేజీలు, ఆరేళ్ల చాకిరీ. పాత సాఫ్ట్‌వేరులో, పాత ఫాంటు అక్షరాలతో కూర్చింది కాబట్టి కొత్త కంప్యూటర్లో తెరిస్తే పేజీ నిండా ఖాళీ డబ్బాలే కనిపిస్తాయి. ఇక్కడ తెరిస్తేనేమో నాలుగు వందల పేజీ దాటగానే తెర కొయ్యబారిపోతోంది. ఫైలు బరువెక్కింది, మెమొరీ చాలడం లేదు. ఉన్న జబ్బల్లా అదే.

పెద్దాయన తర్వాత ప్రెస్సు పగ్గాలు పట్టిన కొడుకు, చిన్న యజమాని, గడువు పెట్టేశాడు.

"రేపు మధ్యాహ్నం పన్నెండుకి ఫైలు చివరిదాకా తెరుచుకోకపోతే దీన్ని తుక్కుకి వేసేస్తానక్కా. పుస్తకం బయట మళ్లీ మొదట్నుంచీ టైపు కొట్టించుకుంటాం. మీరూ ఇక హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు."

హాయిగానట! ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆరేళ్ల పని తుక్కులోకి, తనేమో ఇంట్లోకి. ఎవరడిగారు ఈ హాయిని?

రిపేరు మేస్త్రీ వచ్చాడు. పాత మెమొరీ ముక్కలు రెండూ పీకి, నిగనిగలాడే కొత్తవి రెండు పెట్టాడు. తెర నల్లగా ఉండిపోయింది. డబ్బా లోపల్నుంచి మూడు పొడుగాటి కూతలు వినిపించాయి. మళ్లీ మళ్లీ అవే.

"మదర్‌బోర్డు పోయిందక్కా" అని పెదవి విరిచి, పాత ముక్కలు తిరిగి పెట్టాడు. కంప్యూటరు బుద్ధిగా లేచింది.

"పోయిన బోర్డు లేచి కూర్చుందేమయ్యాఆ?"

"పాతవాటికి అలవాటు పడిందక్కా."

"అలవాటు పడటానికి అదేం కొత్త కోడలా?"

మేస్త్రీ పకపకా నవ్వాడు. కొత్త ముక్కలు రేపొచ్చి తీసుకెళ్తానని బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె అందరికంటే ముందే వచ్చింది. ఇన్నేళ్లలో ఆ డబ్బా పక్కరేకు ఆమె ఎప్పుడూ విప్పలేదు. కరెంటు తీగ గోడలోంచి లాగేసి, మేస్త్రీ చేసినట్టే ముందు ఇనుపరేకును ఒకసారి తాకి, రేకు విప్పింది.

ప్రూఫు దిద్దడంలో ఆమెకొక పద్ధతి ఉంది. తప్పులన్నీ ఒకేసారి వెతకదు. మొదటి చదువులో దీర్ఘాలు మాత్రమే, రెండోసారి ఒత్తులు మాత్రమే, మూడోసారి చుక్కలు. ఇక్కడా అదే చేసింది. పాత ముక్క ఒక్కటే మొదటి గాడిలో పెట్టింది. లేచింది. అదే ముక్క రెండో గాడిలో పెట్టింది. లేచింది. అంటే గాడులు రెండూ బాగున్నట్టే. కొత్త ముక్క అంచున ఉన్న బంగారు రంగు కాళ్లను పెన్సిలు రబ్బరుతో తుడిచి ఒక్కటే పెట్టింది. మూడు కూతలు. రెండోదీ అంతే. ఒక్కో ఫలితం కాగితం మీద రాసుకుని, కొత్తవి తీసుకెళ్లి కౌంటరులోని కంప్యూటర్లో పెట్టింది.

"అయ్యో అక్కా, దాన్నీ చంపుతారా?" అంటూ చిన్న యజమాని గుమ్మంలోంచే కేకేశాడు.

"చావదులెండి" అంది, తల ఎత్తకుండానే. కౌంటరు కంప్యూటరు చక్కగా లేచింది.

బోర్డూ మంచిదే, గాడులూ మంచివే, ముక్కలూ మంచివే. మరి చచ్చిందేమిటి? టైము చూస్తే పది దాటింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే చూడటానికి చిన్న యజమాని ఉన్నాడని గుర్తొచ్చి మానేసింది.

ఒక తెల్లకాగితం పరిచి, పాత ముక్కనూ కొత్త ముక్కనూ పక్కపక్కన పెట్టింది. ఇది మూలప్రతి, ఇది ప్రూఫు. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. అంచులో గంటు రెండింటికీ ఒక్కచోటే ఉంది. బంగారు కాళ్లు సమానం. నల్లటి చిప్పులు ఇక్కడ ఎనిమిది, అక్కడా ఎనిమిది. వెనకవైపు తిప్పకుండా ఏ కాగితాన్నీ దాటేసే మనిషి కాదు గనక రెండింటినీ తిప్పింది. పాతదాని వీపు మీద మరో ఎనిమిది చిప్పులు! కొత్తదాని వీపు నున్నగా, బోడిగా ఉంది.

మేస్త్రీకి ఫోను చేసి చెప్పింది.

"కొంప ముంచానక్కా. ఒకవైపే చిప్పులుంటే ఒక్కోదాంట్లో రెట్టింపు కుక్కుతారు. కొన్ని పాత బోర్డులు వాటిని చదవలేవు. చూడ్డానికి కొత్తగా ఉన్నాయని అవే తెచ్చాను."

"నా బోర్డు మీద నింద వేసి వెళ్లావు కదయ్యాఆ! రెండువైపులా ఉన్నవి పట్రా. పన్నెండు లోపల."

పదకొండున్నరకు చెమటలు కక్కుతూ వచ్చాడు. ఆమె అతన్ని చెయ్యి పెట్టనివ్వలేదు. రెండు చివరలా కొక్కేలు టక్కుమనేదాకా తనే నొక్కింది. పెన్సిలుతో బటను పొడిచింది. ఒక్కటంటే ఒక్కటే, పొట్టి కూత. తెర వెలిగింది.

చిన్న యజమాని వంగి చూశాడు. "నాలుగు జీబీ పెడితే మూడుంపావే చూపిస్తోందేం?"

"ఈ పాత సిస్టమ్ అంతకుమించి వాడుకోలేదు బాబూ" అన్నాడు మేస్త్రీ.

"మూడుంపావు చాలు" అంది ఆమె. ఫైలు తెరిచింది. నాలుగు వందలు దాటింది. ఐదు వందలు, ఏడు వందలు. ఎనిమిది వందల పేజీ వచ్చి తెరమీద నిలిచింది.

"సరే, మిషను ఉండనివ్వండి" అన్నాడు చిన్న యజమాని, ఓడిపోయినట్టు కనిపించకుండా. "సోమవారం నుంచి దీనిమీద ఓ కొత్తమ్మాయిని కూర్చోబెడదాం. మీకూ వయసు మీదపడింది కదక్కా."

"తప్పకుండా కూర్చోబెట్టండి బాబూ, పని నేర్పిస్తాను. ఆ అమ్మాయికి ఇంకో కుర్చీ తెప్పించండి. ఇందులో నేనున్నాను" అని ఆమె ఫైల్లో వెనక్కి వెళ్లి, నాలుగు వందల ఒకటో పేజీలో మొదటి తప్పు దిద్దింది.