పెద్ద మామా వేసే చక్కెర

నా వంట పుస్తకం నీలం అట్టది, రెండు వందల పేజీలు. కువైట్‌లో, సల్వాలోని ఈ ఇంట్లో వంటకు చేరిన రెండో వారంలో కొన్నాను. చేరి ఇప్పటికి ఇరవై మూడేళ్ల నాలుగు నెలలు. వండిన ప్రతిదానికీ ఏం పడుతుందో, ఎంత పడుతుందో, పొయ్యి మీద ఎన్ని నిమిషాలు ఉండాలో అందులో రాసుకున్నాను. ఉప్పు తగినంత అని ఎక్కడా రాయలేదు. తగినంత అంటే ఎవరికి తగినంత? చెంచాలు లెక్కపెట్టి రాశాను.

పన్నెండో పేజీలో కూరిన మిరపకాయల వంట ఉంది. అది పెద్ద మామా పుట్టింటి వంట. ఇక్కడ యజమానురాలిని మామా అంటాం. పెద్ద మామా ఈ ఇంటి పెద్దావిడ, హంగేరీ దేశస్థురాలు. ఆమె భర్త కువైటీ. ఆ దేశానికి డాక్టరు చదువుకు వెళ్లి ఆమెను పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. నేను చేరేనాటికే ఆయన పోయి ఏడాది. ఇంట్లో ఆమె, ఆమె కూతురు చిన్న మామా, అంతే.

ఆ వంటకు పనికొచ్చే మిరపకాయలు బజ్జీలవీ కావు, క్యాప్సికమూ కాదు. పాలిపోయిన పసుపు రంగు, పలచటి తోలు, కారం ఉండదు. విత్తనాలు ఆమే ఎప్పుడో పుట్టింటి నుంచి తెచ్చి సులైబియాలో ఒక తోటవాళ్లకు ఇచ్చింది. డిసెంబరు నుంచి మార్చి దాకా కాసేవి. ఆ నాలుగు నెలలు రెండు వారాలకొకసారి, శుక్రవారం, ఆ వంట ఉండేది.

పది కాయలు. తొడిమ దగ్గర గుండ్రంగా కోసి గింజలు, లోపలి ఈనెలు తీయాలి. ఆరు వందల గ్రాముల బీఫ్ ఖీమా, వంద గ్రాముల బియ్యం సగం ఉడికించి, ఒక ఉల్లిపాయ మెత్తబడేదాకా మాత్రమే వేయించి, ఒక గుడ్డు, రెండు చెంచాల ఎర్ర మిరపపొడి. అది కూడా రంగుకే, కారానికి కాదు. ఉప్పు ఒకటిన్నర చెంచా. వాళ్ల దేశంలో పంది మాంసం కలుపుతారట. ఈ ఇంట్లో ఆ మాట ఒక్కసారే, నవ్వుతూ చెప్పింది. మొదటిసారి నేను గుత్తి వంకాయకు కూరినట్టు అదిమి అదిమి కూరాను. లోపల బియ్యం ఉబ్బి, పదింటిలో ఏడు పగిలాయి. పెద్ద మామా గిన్నెలోకి చూసి, "వీటికి ఊపిరి పీల్చుకునే చోటు ఉంచు" అంది. ఆ తరువాత ఒక్కటీ పగల్లేదు.

కాయలను టమాటా పులుసులో నలభై అయిదు నిమిషాలు ఉడికించి, నూనెలో వేయించిన మైదాతో పులుసు చిక్కబరిచి, చివర్లో చక్కెర వేయాలి. పుస్తకంలో ఆ గీత మీద ఇలా ఉంది: "చక్కెర: మామా వేసింది." అంకె లేదు.

ఎందుకు లేదంటే, చక్కెర దగ్గరికి వచ్చేసరికి ఆమె నన్ను మోచేత్తో పక్కకు నెట్టేది. "ఖలాస్, ఇక నువ్వు జరుగు" అని డబ్బాలో చెయ్యి పెట్టి, వేళ్లతో తీసి చల్లి, కలిపి, గరిటె నాలుకకు తగిలించుకుని, మళ్లీ చల్లేది. నేను అటు తిరిగి గిన్నెలు కడుక్కునేదాన్ని. మా రాయచోటి వైపు మాంసం కూరలో చక్కెర వేస్తే వంటమనిషికి మతి పోయిందంటారు. ఉప్పు చూడాలంటే చక్కెర పడకముందే చూసేదాన్ని. పడ్డాక ఆ పులుసు నా నాలుక మీదికి రాలేదు. మొదటి ఏడాది ఆమె ఒక కాయ నా పళ్లెంలో పెట్టి తినమంది. నాకు షుగరు జబ్బు మామా, తీపి పడదు అన్నాను. అప్పటికి నాకు ఆ జబ్బు లేదు. తరువాత పదకొండేళ్లకు వచ్చింది.

నా లెక్కలో ఆ వంట నూట డెబ్బై ఒక్కసారి చేశాను.

ఈ ఏడాది ఫిబ్రవరిలో పెద్ద మామాకు మెదడులో రక్తం గడ్డకట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట కూడా పోయింది. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంచి సోమవారం ఇంటికి పంపారు. మెత్తగా నలిపి పెడితే మింగగలదని డాక్టరు అన్నాడు. ఆమె నోరు తెరవలేదు. గంజి చేశాను, కోడి సూపు చేశాను, పెరుగు, అరటిపండు గుజ్జు. ఏది పెట్టినా పెదవులు బిగించి కిటికీ వైపు తిరిగేది. శనివారం దాకా చూద్దాం, అప్పటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయక తప్పదు అన్నాడు డాక్టరు. అంతకుముందు ఎప్పుడో చుట్టం ఒకావిడను అలా చూసి వచ్చి, నాకు మాత్రం గొట్టం వద్దని పెద్ద మామా నా ఎదుటే కూతురితో అంది.

బుధవారం ఉదయం చిన్న మామా వంటింట్లోకి వచ్చింది. నన్ను ఖాలా అంటుంది, పిన్నీ అన్నట్టు. "ఖాలా, అమ్మ మాట్లాడింది. పాప్రికా అంది. రెండుసార్లు." వాళ్ల భాషలో మిరపకాయకు ఆ మాటే.

ఇక దేనికోసం ఆగుతాం? డ్రైవరును సులైబియాకు పంపాం. అతనిది జగిత్యాల దగ్గర పల్లె, నలభై దాటినవాడు, ఈ ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఉన్నాడు. తోటలో పంట చివరికొచ్చిందట. గురువారం సాయంత్రం దాకా తిరిగి పద్నాలుగు కాయలు తెచ్చాడు. అందులో నాలుగు మెత్తబడ్డాయి.

శుక్రవారం పొద్దున మొదలుపెట్టాను. మాంసం తగలకముందే కొంత పులుసు విడిగా కాచి, మూడు గిన్నెల్లో పోసి, ఒకదానిలో ఒక చెంచా చక్కెర, రెండోదానిలో రెండు, మూడోదానిలో మూడు వేశాను. చిన్న మామా లేచేలోగా, తీపి చూసి చెప్పమని డ్రైవరును పిలిచాను.

"ఇది జూడప్పా. బీఫ్ తగల్లేదు, భయపడాకు."

అతను మొదటి గిన్నె రుచి చూశాడు. "మంచిగనే ఉన్నది పెద్దమ్మా. ఇంత కారం గొడితే అన్నంల కలుపుకోవచ్చు."

"నీ అన్నం సంగతి అడగలేదు. తీపి జెప్పు."

మూడోది నాకి గరిటె వైపు చూశాడు. "గిది కూరనా, జిలేబి పాకమా? పెద్ద మామా గిదే తింటుండెనా ఇన్నేండ్లు?"

"నాకేం తెలుసప్పా."

"నువ్వే గద వండుతవు."

నేను మూడు గిన్నెలూ నా వైపు జరుపుకున్నాను. అతను గిన్నెలు కడిగే తొట్టిలో గరిటె పెట్టి, "ఊకెనే అన్న పెద్దమ్మా" అని బయటికి వెళ్లాడు.

చిన్న మామాకు తెలుస్తుందనుకున్నాను. పుట్టినప్పటి నుంచి తిన్నది ఆమే కదా. మొదటిది చూసి కాదంది. రెండోది చూసి, దగ్గరగా ఉంది గానీ ఇదీ కాదంది. మూడోది చూసి మళ్లీ మొదటిది చూసింది.

"అమ్మ ఎంత వేసేది ఖాలా?"

"నా పుస్తకంలో లేదు మామా."

"నీ పుస్తకంలో లేకపోవడమా?"

పన్నెండో పేజీ తీసి చూపించాను. ఆమెకు తెలుగు చదవడం రాదు. అయినా అన్ని గీతల మీదా అంకెలు ఉండి ఒక్కదాని మీద లేకపోవడం కనిపించింది. "నేనూ ఎప్పుడూ అడగలేదు" అని కుర్చీలో కూర్చుని చేతి వెనకవైపుతో కళ్లు తుడుచుకుంది.

రెండు చెంచాలకు ఖాయం చేశాను. పన్నెండున్నరకు ఒక కాయను తోలు తీసి, పులుసుతో మెత్తగా నలిపి, పెద్ద మామా గదికి తీసుకెళ్లాను. వాసనకు తల ఇటు తిప్పింది. ఇంటికొచ్చాక అదే మొదటిసారి. చెంచా పెదవులకు ఆనించగానే నోరు తెరిచింది. చిన్న మామా నా భుజం పట్టుకుంది. పెద్ద మామా ముద్దను నోట్లో కాసేపు ఉంచుకుంది, మింగింది. రెండో చెంచా కూడా తీసుకుంది గానీ మింగలేదు. నుదురు ముడుచుకుని నా వైపు చూసింది. ఇరవై మూడేళ్లుగా ఆ చూపు నాకు తెలుసు. ఏదో తక్కువైనప్పుడు చూసే చూపు. ముద్ద మెల్లగా గడ్డం మీదికి జారింది.

తరువాత ఎడమ చెయ్యి లేపింది. మూడు వేళ్లు దగ్గరికి చేర్చి, పళ్లెం మీద పెట్టి, విడిచింది. మళ్లీ అలాగే చేసింది.

నేను పరుగెత్తినట్టే వెళ్లి చక్కెర డబ్బా తెచ్చాను. డబ్బా ఆమె చేతికి అందేలా పట్టుకున్నాను. వేళ్లు లోపలికి వెళ్లాయి, చక్కెర పట్టుకున్నాయి. పళ్లెం దాకా రాలేదు. దుప్పటి మీద, నా మోచేతి మీద, నేల మీద రాలింది. ఆమెకు అలవాటైన చెయ్యి అది కాదు. నాలుగుసార్లు ప్రయత్నించింది. పళ్లెంలో పడినవి కొన్ని పలుకులే. నేను ఇంకొంచెం నేనే వేసి, కలిపి, చెంచా పెట్టాను. ఇంకొంచెం వేసి మళ్లీ పెట్టాను. నోరు తెరవలేదు. కిటికీ వైపు తిరిగింది.

దుప్పటి మీది చక్కెర కాగితంలోకి ఊడ్చి, వంటింట్లో కొలిచాను. ఒకటిన్నర చెంచా కంటే కొంచెం తక్కువ. నేల మీద ఎంత పడిందో, తివాచీలోకి ఎంత పోయిందో ఎలా తెలుస్తుంది? కాగితం మడిచి చెత్తబుట్టలో వేశాను.

శనివారం పది గంటల ఇరవై నిమిషాలకు నర్సు గొట్టం వేసింది. పెద్ద మామా ఎడమ చెయ్యి చిన్న మామా పట్టుకుంది, లాగేయకుండా. పాలలాంటి మందు ఆహారం రోజుకు అయిదుసార్లు, సారికి రెండు వందల మిల్లీలీటర్లు. ఆ లెక్క పుస్తకంలో కొత్త పేజీలో రాశాను.

ఆ మధ్యాహ్నం ఫ్రిజ్‌లో తొమ్మిది కాయలు ఉన్నాయి. ఒకటి తీసి వేడిచేసుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పులుసుతో సహా మొత్తం తిన్నాను. నూట డెబ్బై రెండోసారి చేసినది, నేను తినడం మొదటిసారి. తీపిగా ఉంది, కొంచెం పులుపుగా ఉంది. చక్కెర ఎక్కువైందో, తక్కువైందో నాకు తెలియలేదు.