వాన నీళ్ల పప్పు

కతాల్దో పేర్చిన గోడలో కత్తి మొన కూడా దూరదని మర్తీనా ఊరి చుట్టుపక్కల తోటల్లో చెప్పుకుంటారు. అబద్ధం కాదు. అరవై రెండేళ్ల మనిషి, నలభై ఏడేళ్లుగా రాయి మీద రాయి పేర్చి బతుకుతున్నాడు. మధ్యలో మట్టి లేదు, సున్నం లేదు. రాయి బరువే రాయిని పట్టుకోవాలి. అలాంటివాడు సొంత ఇంటికప్పుకు తన చేతుల్తోనే సిమెంటు పూశాడంటే ఏమనాలి? బుద్ధి గడ్డి తిన్నదనాలి. ఇప్పుడు ఆయనా అదే అంటాడు.

పని నేర్పింది అన్న మర్తీనో. తండ్రి పోయేనాటికి అన్నకు ఇరవై ఎనిమిది, తమ్ముడికి పదిహేను. తమ్ముడు మొదటిసారి ఒంటరిగా పేర్చిన గోడ ముందు నిలబడి మర్తీనో మొహం చిట్లించాడు.

"నాలుగో వరసలో ఒక రాయి పళ్లికిలిస్తోంది. కనపడలా?"

"ఒక్క రాయే కదన్నా!"

"ఒక్క పన్ను సలిపితే రొట్టె నములుతావురా నువ్వు?"

అని, కాలితో ఒక్క తోపు తోసి గోడంతా పడగొట్టాడు. ఆ మనిషి నోట 'బాగుంది' అన్న మాట ఎవరూ వినలేదు. ఎంత గొప్ప పని చేసినా "నిలబడుతుందిలే" అంటాడు, అంతే. తమ్ముడు ఆ ఒక్క మాట కోసం ఏళ్ల తరబడి కాచుకున్నాడు, పైకి ఒప్పుకోడు గానీ.

కతాల్దో ఇల్లు అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టారు. పలక రాళ్లు పేర్చిన మూడు శంకు కప్పులు, వాటి కింద మూడు గదులు, నేలలో తొట్టి. వాన పడితే నీళ్లు కప్పుల మీంచి జారి, సున్నం కొట్టిన కాలువలోంచి తొట్టిలోకి దిగేవి. కతాల్దో భార్య కొమాజియా ఫావా పప్పు, అంటే ఎండు చిక్కుడు గింజల పప్పు, ఆ నీళ్లతోనే వండేది. మట్టికుండలో పోసి పొద్దున్నే పొయ్యి పక్కన పెడితే, గరిటె పెట్టకుండానే మధ్యాహ్నానికి వెన్నలా కరిగేది. మీద అడవి చేదాకు, కాస్త ఆలివ్ నూనె. పెళ్లీ పెటాకులూ లేని మర్తీనో ప్రతి ఆదివారం వచ్చి, "ఉప్పు తక్కువైంది" అని సణుగుతూనే రెండు గిన్నెలు లాగించేవాడు.

"ఉప్పు తక్కువైతే రెండో గిన్నె ఎలా దిగుతోంది బావగారూ?" అని కొమాజియా దెప్పేది.

"పారబోస్తే పాపం కదమ్మా."

కూతురు పెళ్లై బారి పట్నం వెళ్లాక ఒక గది ఖాళీ అయింది. అందులో ఊరు చూడవచ్చే యాత్రికుల కోసం అద్దె మంచం వేశారు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి, వెల్లకిలా పడుకుని గోపురంలాంటి కప్పు లోపలి రాతి వరసలు లెక్కపెట్టుకునేవాళ్లు, కొమాజియా పప్పు తినేవాళ్లు. ఏది చూసినా బాగుందనేవాళ్లు. గోడ బాగుంది, పప్పు బాగుంది, కుక్క కూడా బాగుంది. కతాల్దోకి కడుపు నిండిపోయేది. పాపం, నలభై ఏళ్ల ఆకలి మరి!

ఒక వసంతంలో మిలాన్ నుంచి వచ్చినావిడ దిండు మీద కప్పులోంచి నీటిచుక్క పడింది. ఆవిడ ఊరుకుందా? లోకమంతా చదివేలా ఫోనులో రాసిపారేసింది. కతాల్దో అన్నను పిలిచాడు. మర్తీనో పైకెక్కి చూసి దిగాడు.

"పై తొమ్మిది వరసలు విప్పి మళ్లీ పేర్చాలి. రెండు నెలల పని. ఈ వేసవికి ఎవర్నీ రానివ్వకు."

"వస్తామని అందరూ ఎప్పుడో చెప్పేశారన్నా."

"నీ చుట్టాల కోసం రాయి తొందరపడదురా."

పెద్దల మాట చద్దిమూట అని ఊరికే అన్నారా! అన్న పక్క ఊరి పనికి వెళ్లిన మూడు రోజుల్లో కతాల్దో సిమెంటు తెచ్చి కప్పంతా పూశాడు. దాని మీద నీరు చొరని రంగు, ఆ పైన ఎవరికీ తెలియకుండా ఎప్పటిలాగే సున్నం. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు.

ఆదివారం మర్తీనో వచ్చాడు. నిచ్చెనెక్కి, బొటనవేలి గోటితో ఒకచోట గీకాడు.

"ఎవడు పూశాడ్రా ఇది?"

"నేనే."

"నేను నేర్పిన చేతులతోనా?"

బల్ల మీద గిన్నె ఉన్నది ఉన్నట్టే ఉంది. అలా వెళ్లినవాడు నాలుగేళ్లు ఆ గడప తొక్కలేదు.

ఊపిరాడని కప్పు లోపల చెమ్మ పట్టింది. గోపురమంతా నల్లటి బూజు. యాత్రికులు ముక్కు మూసుకుని వెళ్లిపోయారు, తర్వాత రావడమే మానేశారు. తొట్టి నీళ్లు రంగు కంపు కొడుతుంటే తోడిపోసి మూత పెట్టేశారు. కుళాయి నీళ్లలో పప్పు ఎంతసేపు కాగినా పలుకు పలుకుగానే మిగిలేది. ఒక్కసారి వెళ్లి కాళ్లు పట్టుకుంటే పోయేదానికి, రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అంటూ కతాల్దో నాలుగేళ్లు నెట్టాడు.

ఈ ఆగస్టులో మర్తీనో మంచాన పడ్డాడు. వైద్యుడు పెదవి విరిచాడు. అన్న దగ్గర్నుంచి కబురొచ్చింది: "కొమాజియాను కాస్త ఫావా వండి పంపమను. మన నీళ్లతో."

కతాల్దో ఉలి, సుత్తి పట్టుకుని కప్పెక్కాడు. నాలుగు పెచ్చులు ఊడేసరికి చెయ్యి ఆగిపోయింది. సిమెంటుతో పాటు రాయి చర్మం కూడా ఊడి వస్తోంది. ఊడితే మాత్రం ఏం లాభం? ఆకాశంలో మబ్బు తునకైనా లేదు.

"ఉన్న సంగతి చెప్పేయయ్యా," అంది కొమాజియా కింద నుంచి.

"పోయే మనిషికి ఏమని చెప్పమంటావే?"

కుళాయి నీళ్లతోనే వండారు. కొమాజియా గరిటెతో మెదిపింది, నూనె రెండింతలు పోసింది. కతాల్దో గిన్నె పట్టుకుని వెళ్లి, అన్న వీపు కింద దిండు పెట్టి, తనే చెంచాతో తినిపించాడు. అన్న పంటి కింద పలుకు నలిగిన చప్పుడు వినిపించింది.

కతాల్దో తలవంచుకుని ఎదురుచూశాడు. ఇప్పుడు తిడతాడు. గిన్నె విసిరికొడతాడు. కొట్టనీ, తిట్టనీ. పోనీ ఉప్పు తక్కువైందనైనా అంటే చాలు, గుండె మీది బండ దిగుతుంది.

మర్తీనో మెల్లగా నమిలి మింగాడు. తమ్ముడి చేతుల వైపు, గోళ్లలో ఇరుక్కున్న సున్నం, సిమెంటు పొడి వైపు చూశాడు.

"బాగుందిరా," అన్నాడు.

డబ్బిచ్చి తిని వెళ్లిపోయే యాత్రికులు అన్నట్టే అన్నాడు. కతాల్దో చెంచా మళ్లీ నింపాడు గానీ, అన్న ముఖంలోకి చూడలేకపోయాడు.