మా పాపకు రాయి చెక్కిన పెద్దాయన

వెర్మాంట్ రాష్ట్రంలో ఆ ఊరికి మేము వెళ్ళింది 1977 చివర్లో. గుంటూరులో నర్సింగ్ చదువుకున్న నాకు అక్కడి ఆసుపత్రిలో, ఊపిరితిత్తుల వార్డులో ఉద్యోగం వచ్చింది. మా ఆయనకి ఇంకా పని దొరకలేదు. ఊరంతా గ్రానైట్ మీదే బతికేది. కొండ మీద క్వారీలు, కింద ఏటి ఒడ్డున రాళ్ళు చెక్కే షెడ్లు. ఎక్కడెక్కడి ఊళ్ళకో సమాధిరాళ్ళు అక్కణ్ణించి రైలెక్కి వెళ్ళేవి.

మాకు ఇల్లు అద్దెకిచ్చినాయన స్కాట్లండ్ నుంచి వచ్చిన కుటుంబంవాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. జీవితమంతా రాళ్ళమీద అక్షరాలు చెక్కిన మనిషి. కింద భాగంలో ఆయనొక్కడే, పైన మేమిద్దరం. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, గంటన్నర దూరంలో స్కూల్ టీచరు. ఇల్లు చూపించడానికి మెట్లెక్కుతూ ఆయన మూడుచోట్ల ఆగాడు. ఆ దగ్గు వినగానే నాకు అర్థమైపోయింది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడితే, మనిషికి ఏడాదికేడాది ఊపిరి కరువైపోతుంది. వార్డులో నేను రోజూ చూసే జబ్బే. దానికి మందు లేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మిరియాల చారు కాచి ఆయనకి తీసుకెళ్ళేదాన్ని. కళ్ళనీళ్ళు కారుతున్నా గిన్నె కింద పెట్టేవాడు కాదు. నన్ను 'లాస్' అని పిలిచేవాడు. మనవైపు పెద్దవాళ్ళు 'అమ్మాయ్' అన్నట్టన్నమాట. చారు తాగుతూ వాళ్ళ ఇంటి సంగతులు చెప్పేవాడు.

వాళ్ళ తాత ఎబర్డీన్ దగ్గర క్వారీలో రాయి కొట్టాడు. తండ్రి పెళ్ళయిన ఏడాదికి ఓడెక్కి ఈ ఊరొచ్చి, తర్వాత భార్యని రప్పించుకున్నాడు. అక్కడ స్కాట్లండ్‌లో గాలి ఆడే పందిళ్ళ కింద సుత్తి, ఉలి పట్టుకుని చెక్కేవాళ్ళు. దుమ్ము గాలికి కొట్టుకుపోయేది. ఇక్కడ చలికి షెడ్డు తలుపులన్నీ బిగించేసేవాళ్ళు. పైగా గాలి ఒత్తిడితో నడిచే కొత్త ఉలులు వచ్చాయి, అవి దుమ్ము ఇంకా ఎక్కువ లేపేవి.

"ఇక్కడ పని తేలిక, ఉలి దానంతటదే నడుస్తుంది అని మా నాన్న ఉత్తరం రాశాడట. మా అమ్మ ఆ ఉత్తరం దాచుకుంది. ఆ తేలిక పనే ఆయన్ని తినేసింది," అన్నాడు.

తండ్రి ఇంటికి రాగానే వెనక వసారాలోనే బట్టలు విప్పించి, తల్లి వాటిని కర్రతో కొట్టి దులిపేదట. ఆవిడ కనుబొమలు ఎప్పుడూ తెల్లగా ఉండేవట. ఈయనకి పదమూడో ఏట తండ్రి పోయాడు. అప్పటికే అన్నగారు అదే షెడ్డులో పనిచేస్తున్నాడు. నాలుగేళ్ళకి ఆయనకీ ఆ జబ్బే వచ్చి, క్షయ కూడా తోడైతే కొండమీది శానిటోరియంలో చేర్చారు. లోపలికి రానివ్వరు కాబట్టి తల్లి రోజూ సాయంత్రం కొండ కింద రోడ్డు మీద నిలబడేది. పై కిటికీలోంచి అన్నగారు తువ్వాలు ఊపేవాడు. ఒకరోజు తువ్వాలు ఊగలేదు. ఆవిడ చీకటి పడేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

తర్వాత ఆవిడ చిన్నకొడుకు చేత బైబిల్ మీద ఒట్టు వేయించుకుని, రొట్టెల బట్టీలో పనికి పెట్టింది. రెండేళ్ళు చేసి, ఈయనా షెడ్డులోకే వెళ్ళాడు.

"అంతా చూసి కూడా ఎందుకు వెళ్ళారు?" అని అడిగాను.

"మా అన్న సమాధిరాయి మీద అక్షరాలు ఎవడో తొందర తొందరగా చెక్కిపారేశాడు. వంకరటింకరగా ఉన్నాయి. వాటిని చూస్తూ ఊరుకోలేకపోయాను లాస్," అన్నాడు.

తల్లి ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. కానీ రోజూ వసారాలో బట్టలు మాత్రం దులిపింది.

దుమ్ము పీల్చేసే గొట్టాలు షెడ్లలోకి వచ్చేసరికి ఆయనకి ముప్ఫై దాటాయి. అప్పటికే లోపలికి పోవాల్సిందంతా పోయింది. అరవై దాటాక డాక్టర్లు పని మాన్పించారు. ఇక ఉలి ముట్టనని కూతురు మాట తీసుకుంది. పనిముట్లన్నీ పెరట్లో చెక్కగదిలో పెట్టి తలుపేశాడు.

1979 డిసెంబరులో నాకు తొమ్మిదో నెల. ఒకరోజు డ్యూటీలో ఉండగా కడుపులో కదలిక ఆగిపోయిందనిపించింది. మర్నాడు చనిపోయిన ఆడపిల్లను కన్నాను. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మా ఆయన మంచం పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు.

"భూస్థాపన ఇప్పుడు అవదంట. మే నెల దాకా ఆగాలంట."

"అదేంటండీ? అప్పటిదాకా పాప ఎక్కడుంటది?"

"సిమెటరీలో రాతిగది ఉంది. చలికాలం పోయినోళ్ళందర్నీ అందులోనే పెడతారంట. నేలంతా గడ్డకట్టేసింది, మెషీన్ కూడా దిగదంట. నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

ఆయన ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం.

వారం తర్వాత మెట్లమీద ఆగి ఆగి వస్తున్న అడుగులు వినబడ్డాయి. పెద్దాయన వచ్చి కుర్చీలో కూలబడి, ఊపిరి అందేదాకా ఆగాడు.

"రాయి నేను చెక్కుతాను. మే నెలకి సిద్ధంగా ఉంటుంది. ఏం చెక్కాలో మీ భాషలో రాసివ్వు."

పాపకి ఇంకా పేరు పెట్టలేదు. కాగితం మీద పెద్దక్షరాలతో 'మా పాప' అని రాసిచ్చాను. ఆయన దాన్ని కిటికీ వెలుగులో చాలాసేపు చూశాడు.

"ఒక్క గీతైనా నిటారుగా లేదే! చివరి అక్షరం మీద విడిగా ఈ టిక్కు ఏమిటి? పెన్ను జారిందా?"

"కాదండీ. దాన్ని తలకట్టు అంటాం. అది లేకపోతే అక్షరం కాదు."

"అయితే అదీ చెక్కాలి," అంటూ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ చలికాలమంతా చెక్కగది తలుపులు బిగించుకుని, కిరసనాయిలు హీటర్ పక్కన కూర్చుని, సుత్తి, ఉలితో చెక్కాడు. మా వంటింట్లోకి వినబడేది. నాలుగు దెబ్బలు, తర్వాత దగ్గు, మళ్ళీ నాలుగు దెబ్బలు. నేను ఆసుపత్రి మాస్కులు తీసుకెళ్ళి ఇచ్చాను. మర్నాడు చూస్తే మాస్కు గడ్డం కిందికి జారివుంది. మీసాల మీద బూడిదరంగు పొడి.

"అది కట్టుకుంటే కళ్ళద్దాలు మసకేస్తున్నాయి. మీ వంపులు కనబడవు," అన్నాడు.

"ఇక ఆపెయ్యండి. ఎక్కడైనా షాపులో చేయించుకుంటాం."

"మీ అక్షరాలు షాపులో ఎవడు చెక్కుతాడు?"

నేను గట్టిగా చెప్పి ఉండొచ్చు. కూతురికి ఫోన్ చేసి ఉండొచ్చు. ఆ దుమ్ము ఏం చేస్తుందో ఆ వీధిలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అయినా పైకొచ్చేశాను. నా బిడ్డకంటూ ఒక గుర్తు కావాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. నిజం అంతే.

మే నెలలో పాపని భూస్థాపన చేశాం. మోకాలెత్తు రాయి. నా చేతిరాతకన్నా అందంగా వచ్చాయి అక్షరాలు. మా ఆయన వంగి వేలితో వాటిని దిద్దాడు. పెద్దాయన టోపీ తీసి దూరంగా నిలబడ్డాడు. దగ్గరికి రమ్మంటే రాలేదు.

ఆగస్టుకల్లా ఆయన నా వార్డులోనే ఆక్సిజన్ మీద ఉన్నాడు. కూతురు వచ్చింది. చెక్కగదిలో పొడి చూసిందట. నన్ను కారిడార్‌లో ఆపింది.

"నాన్న మళ్ళీ ఉలి పట్టాడని మీకు తెలుసా?"

"తెలుసు."

"మీరు నర్సు. పనిచేసేది ఈ వార్డులోనే."

"అవును."

ఆమె గొంతు పెంచలేదు. "మా నానమ్మ ఇద్దర్ని పోగొట్టుకుంది. మూడోవాణ్ణయినా దక్కించుకోవాలని ఎంత చేసిందో మా నాన్న మీకు చెప్పే ఉంటాడు. నేనూ అదే చేశాను," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయనీ, ఒక్క చలికాలం దుమ్ముతో వచ్చిన తేడా ఏమీ లేదనీ డాక్టర్ నాకు చెప్పాడు. నిజమే కావొచ్చు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు ఆసరా కాలేదు.

ఫిబ్రవరిలో ఆయన పోయాడు. ఆయన్నీ ఆ రాతిగదిలోనే మూడు నెలలు ఉంచారు. మే నెలలో తండ్రి, అన్నగారి సమాధుల పక్కన పెట్టారు. మేం వెనక వరసలో నిలబడ్డాం. కూతురు మావైపు చూడలేదు. ఇల్లు అమ్మకానికి పెట్టింది. మా ఆయనకి న్యూజెర్సీలో మందుల కంపెనీలో ఉద్యోగం దొరకడంతో అక్కడికి వెళ్ళిపోయాం. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. అక్కడి తెలుగు చర్చిలో ఎవరైనా పిల్లలెంతమందని అడిగితే నేను ఇద్దరంటాను. మా ఆయన ముగ్గురంటాడు.

ఎనభైల చివర్లో, ఉండబట్టలేక పెద్దాయన కూతురికి ఉత్తరం రాశాను. ఆ రోజు చెప్పలేకపోయిందంతా రాశాను. నేను ఆపలేదని, ఆపాలని అనుకోలేదని కూడా రాశాను. రెండు నెలలకి జవాబొచ్చింది, కార్డు మీద నాలుగు వాక్యాలు.

"నాన్న దగ్గరికి వెళ్ళినప్పుడు మీ పాప రాయి మీద ఆకులు కూడా తీసేస్తుంటాను. నాన్న చేసిన పనుల్లో అంత మంచిది ఇంకొకటి లేదు. మిమ్మల్ని మాత్రం క్షమించలేకపోతున్నాను. ప్రయత్నించాను."

మా ఆయన చదివి, "ఇంత మాట రాయాలా?" అన్నాడు. నాకు మాత్రం ఆమె మీద కోపం రాలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే రాసేదాన్ని.