అవతలి ఒడ్డు కనిపించని నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చలికాలమంటే తుమ్ములే. వరంగల్‌లో దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టే ఇల్లు మాది. దూది నూగు అన్నంలోనూ పడేది, జుట్టులోనూ పడేది. మా నాయనమ్మ చేతికుట్టు కోసం మరిపెడ నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు. ఒక ఏడాది ఆమె కుట్లు వంకర పోవడం మొదలైంది. మొదట సూది మంచిది కాదంది, తర్వాత దీపం మంచిది కాదంది. చివరకు నాన్న దవాఖానకు తీసుకెళ్తే, కంటి నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా నిలవదని డాక్టర్ చెప్పాడు. ఈ జబ్బు ఇంట్లో పిల్లలకూ రావచ్చు, కనిపెట్టి ఉండమన్నాడట. నాన్న ఆ సంగతి అమ్మకు గుసగుసగా చెబుతుంటే నేను విన్నాను. పిల్లలు వినకూడని మాటలే పిల్లలకు బాగా వినపడతాయి.

చూపు ఉండగానే ఏం చూడాలని ఉందో చెప్పమని నాన్న ఆమెను అడిగాడు. ఏ దర్గా పేరో, చుట్టాల ఊరి పేరో చెబుతుందనుకున్నాం. ఆమె సముద్రం అంది. ధర్మసాగర్ చెరువును మించిన నీళ్లు ఆమె ఎన్నడూ చూడలేదు. నాన్న సరేనన్నాడు, కానీ అప్పుడే చలి మొదలైంది. బొంతలు అమ్ముడుపోయేది ఆ నాలుగు రోజులే కాబట్టి గిరాకీ అయిపోయాక పోదామన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను, మా కడుపులు నిండేది ఆ చలితోనే. చూపు మాత్రం గిరాకీ అయ్యేదాకా ఆగలేదు.

మేం విశాఖపట్నంలో రైలు దిగేనాటికి ఆమెకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. అయినా పోదామని ఆమే పట్టుబట్టింది. ఆ ఊరు ఎంత తీరుబాటుగా ఉందో! సాయంత్రం జనం బీచ్ గోడ మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చుని, మరమరాలు కలిపిన మురీ మిక్చర్ తింటున్నారు. పొద్దు పోతోందన్న తొందర ఒక్కరి ముఖంలోనూ లేదు. ఇసుకలో పిల్లల్ని తిప్పుతున్న గుర్రం ఎక్కాలని, దూరంగా కొండ మీదున్న లైట్‌హౌస్ దగ్గరికి పోవాలని నా ప్రాణం లాగింది. కానీ నాకు వేరే పని అప్పజెప్పారు. కనిపించిందల్లా నాయనమ్మకు చెప్పాలి.

నీళ్ల దగ్గర ఆమెకొక పద్ధతి ఉండేది. ధర్మసాగర్ పోయినప్పుడల్లా ముందు అవతలి ఒడ్డు వైపు చూపించి, అక్కడ ఏమున్నాయో నాతో చెప్పించి, ఆ తర్వాతే నన్ను నీళ్లలో కాలు పెట్టనిచ్చేది. ఒడ్డు తెలియని నీళ్లను నమ్మొద్దనేది. ఇక్కడా అలాగే నా చేయి పట్టుకుని ఆగింది.

"అవుతలి ఒడ్డుకు ఏమున్నది బిడ్డా?"

చూశాను. అలలు, ఒక పడవ, ఆ తర్వాత ఆకాశం. ఒడ్డు లేదు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. అయినా లేదు. డాక్టర్ చెప్పిన జబ్బు నాకు రానే వచ్చిందని, నా కళ్లూ పోయాయని నాకు అర్థమైపోయింది. ఇసుకలో కూలబడి బావురుమన్నాను.

నాన్న పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని నవ్వబోయి, నవ్వలేకపోయాడు. "సముద్రానికి అవుతలి ఒడ్డు కనవడదు బిడ్డా. ఎవ్వరికి కనవడదు" అన్నాడు.

"నీగ్గూడనా?" అని నాయనమ్మ అడిగింది.

"నాగ్గూడ కనవడతలేదమ్మా."

అన్నాళ్లూ నాన్న ఆమెతో ఏం కాదని, నయమైపోతుందని అంటూనే ఉన్నాడు. మా అందరిదీ అదే పాట. తనకు కూడా కనిపించడం లేదనే మాట ఆయన నోట రావడం అదే మొదలు. ఆ మాట వచ్చాక ఇక ఆపుకోలేకపోయాడు. "ఆలస్యం జేసిన అమ్మా. ఇప్పుడు నా చేతుల ఏం లేదు" అని ఏడ్చాడు. నాన్న ఏడవగలడని నాకు అప్పటిదాకా తెలియదు. భయమేసింది.

నాయనమ్మ మాత్రం నవ్వింది. తడుముకుంటూ నన్నొక పక్క, ఆయన్నొక పక్క కూర్చోబెట్టుకుంది. "ఇగ ఫికరెందుకురా? నాకు కనవడంది మీకు గూడ కనవడతలేదు. ఇన్ని దినాలు నేనొక్కదాన్నే అనుకున్న" అంది. ముగ్గురం నీళ్లవైపు తిరిగి కూర్చున్నాం. అలలు వచ్చి మా కాళ్ల కింది ఇసుకను లాక్కుపోతూనే ఉన్నాయి. మేం ఏమీ చేయలేకపోయాం, చీకటి పడేదాకా లేవనూ లేదు.

వానాకాలం వచ్చేసరికి ఆ వెలుగూ నీడా కూడా పోయాయి. నా కళ్లు ఇప్పటికీ బాగానే ఉన్నాయి, అల్లా దయ.

కానీ ఆ రోజు నుంచి రోగంతో ఉన్నవాళ్ల దగ్గర "ఏం కాదు" అనే మాట నా నోట రాదు. చుట్టాల్లో నాకు మొండిమనిషినని పేరుంది, ఉండనీ. నిరుడు మా చెల్లెలు దవాఖానలో పడితే, వచ్చిన ప్రతివాళ్లూ బత్తాయిలు చేతిలో పెట్టి, ఏం కాదని చెప్పి పోయారు. అందరూ పోయాక "నాకు నయమైతదా అక్కా?" అని నన్ను అడిగింది. ఆమె చేయి పట్టుకుని "నాకు గూడ తెలుస్తలేదు చెల్లె" అన్నాను. ఆమె మెల్లగా గోడవైపు జరిగి, మంచం మీద నాకు చోటిచ్చింది.